రబ్బరు బూట్లు

గేటు దగ్గర కాటా మీద
నీ మూట పదిహేను కిలోలు తూగింది.
అందులో రెండు కిలోలు పుస్తకాలే.
ఎందుకని అడగలేదు, మోయడమే నా వంతు.
తోలు బూట్లు విప్పెయ్యమంటే మాత్రం
నన్నో దొంగని చూసినట్టు చూశావు.
రువెంజోరి కొండకి తోలంటే లెక్కలేదమ్మా,
మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటుకే
అది దారి ఇస్తుంది,
అదీ మనసైతే.

నా పేరు కబుఘో.
మూడో ఆడపిల్ల అని, అంతే, ఇంకేం అర్థం లేదు.
మా కొంజో ఇళ్ళల్లో పిల్లలు పుట్టకముందే
పేర్లు వరసకట్టి గుమ్మంలో నిలబడి ఉంటాయి:
మసికా, బీరా, తర్వాత నేను.
"అయితే నీకు ఇద్దరక్కలు" అన్నావు వేళ్ళు మడిచి,
లెక్క కుదిరినందుకు సంబరంగా.
ఉన్నారు. ఒకావిడ కసేసెలో బట్టలు కుడుతుంది.
ఒకావిడ నాతో మాట్లాడదు.
నీ పేరుకి అర్థమేంటంటే
నీకే తెలియదు.

వెదుళ్ళు దాటాక బురద మొదలైంది.
వాన వెలిశాక చెప్పులకంటే బురద కాదిది,
పడుకున్న జంతువు.
గడ్డి దుబ్బు మీంచి గడ్డి దుబ్బు మీదికి
గెంతాలి కప్పలా; గురి తప్పితే నడుం దాకా.
తప్పావు.
కాలు పైకొచ్చింది, బూటు లోపలే ఉండిపోయింది.
నేనూ మసెరెకా భుజాల దాకా చేతులు దించి
ఈనలేని ఆవు దగ్గర దూడని లాగినట్టు లాగాం.
గుబుక్కుమని ఊడొచ్చింది బూటు, నిండా నల్లనీళ్ళతో.
అప్పుడు నవ్వావు, పొద్దుట్నించీ మొదటిసారి.
నా వీపు మీద ఒక కిలో తగ్గింది.

సాయంత్రానికి తడికట్టె రాజుకోనంది.
మసెరెకా ఊదీ ఊదీ
పొయ్యి కంటే ముందు వాడి కళ్ళు మండాయి.
ఎక్కడో హైరాక్స్ అరిచింది.
కుందేలంత జంతువు,
గొంతు మాత్రం తలుపు బందులు ఊడదీస్తున్నట్టు.
నువ్వు గుడారం జిప్పు పైదాకా లాక్కున్నావు,
జిప్పుకి భయపడేవి కూడా ఉంటాయన్నట్టు.

గుడారం చుట్టూ మనుషుల్లా నిలబడ్డవి సెనీషియో చెట్లు.
చచ్చిన ఆకుని అవి రాల్చవు,
కంబళిలా ఒంటికే చుట్టుకుంటాయి.
చలి రాత్రుళ్ళు బతికించేది ఎండిపోయిన ఆకులే.
ఇది నీకు చెప్పాను.
చెబుతుంటే నాన్న గుర్తొచ్చాడని చెప్పలేదు.

మర్నాడు రాతి మీద తుప్పుపట్టిన ఇనప మేకు చూసి
ఏంటిదన్నావు.
మా నాన్న బలుకు కొట్టిన మేకు.
దీనికి తాడు కట్టి
ఒక్క అడుగు వేస్తే మంచు మీద ఉండేవాడు.
మంచుని మేం న్జురురు అంటాం.
పొలంలో నీళ్ళు ఆయన పెట్టిన భిక్షే అనేది మా అవ్వ.
దాని దగ్గర నాన్న గొంతెత్తేవాడు కాదు,
దగ్గు వస్తే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు.

"ఇప్పుడెంత దూరం?"
నాన్నకి ఒక అడుగు.
నీకు రెండు గంటలు, కాళ్ళు బాగుంటే.

నువ్వేం మాట్లాడలేదు.
మసెరెకా ఆ మేకుకి
నీ తడి మేజోళ్ళు ఆరేశాడు.
వాడి తప్పు లేదు,
కొండ మీద ఖాళీగా ఉన్న మేకు అదొక్కటే.
అయినా నేను వెళ్ళి తీసేశాను.
కాసేపాగి మళ్ళీ నేనే వేశాను.
మేజోళ్ళు ఆరాలి కదా.

దిగొచ్చాక కాటా మీద నీ మూట పదిహేడు.
తిన్న తిండి తగ్గాలి, మరి పెరిగిందేమిటని
గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
గుడారంలో, పుస్తకాల్లో, కుట్లల్లో
కొండ కొంత దిగొచ్చింది మనతో, నీళ్ళై.
ఆ రెండు కిలోలకి కూలి రాయమని
నువ్వే వాదించావు, అరగంట, బల్ల మీద కొట్టి మరీ.
ఓడిపోయావు.

రబ్బరు బూట్లు బోర్లించి గోడకి ఆనించాను.
రేపు ఇంకెవరో వస్తారు,
ఇంకా తడిగానే ఉంటాయవి.