ఒంటి బూటు

మేం ఓడిపోయినం.
ముందుగాలనే చెప్తున్న, తర్వాత మోసం చేసిండనొద్దు.
మూడు, ఒకటి.
వాళ్ల మూడు ఎవరు కొట్టిన్రో ఇయ్యాల ఎవ్వరికీ యాదికి లేదు.
మా ఒక్కటి మాత్రం
దేవరకొండ బస్టాండు పక్క చాయ్ హోటల్ల
నలబై ఏండ్ల సంది పడుతనే ఉన్నది.

ఎనబై ఒకటి. సీతాఫలాల కాలం.
కాలేజీల ఫుట్‌బాల్ టీం పుట్టి రెండేండ్లు కాలే,
పాలమూరు టోర్నమెంటుకు పిలుపొచ్చింది.
గఫార్ సేటు పల్లికాయ లారీ,
బస్తాల మీద టీము, టీము మీద మేము.
డిండి దాటంగ చలి,
కల్వకుర్తి దాటంగ ఆకలి,
జడ్చర్ల దాటినంక రైలు గేటు పడితే
పోయే గూడ్సుబండికి గూడ జై కొట్టినం.
హాస్టల్ల బువ్వ వండే బుచ్చమ్మ
సద్దిమూటతోని మా ఎంబడే ఎక్కింది.
"గోలంటే ఏందిరా" అని దారి పొడుగూత అడిగింది.
తలా ఒక తీరు చెప్పినం.

పదకొండు మంది, ఆరు జతల బూట్లు.
పీటీ సారు విఠల్‌రావు లెక్క తప్పనియ్యడు:
తలా ఒక బూటు, ఒకటి మిగులు.
ఆ మిగులు నా చేతుల పెట్టిండు.
ఆట రానోనికి అంతకన్నా పెద్ద కొలువేముంటది!
ఒక కాలు తోలు, ఒక కాలు మన్ను,
గ్రౌండుల దిగుతుంటే పదకొండు మందీ
జరంత కుంటినట్టే కనపడ్డరు.
పట్నం టీం తెల్ల సాక్సులు చూసి
బుచ్చమ్మ అన్నది:
"ఈ పోరగాండ్లకు పెండ్లి గిట్ల ఉన్నదా?"

మేం నవ్వంగనే గుర్తువట్టిన్రు.
మా బోరు నీళ్లు మా పండ్ల మీద గీసిన పసుపు చారలు.
"నల్లగొండోళ్లురా" అన్నడొకడు.
ఇంకింత నోరు తెరిచి నవ్వినం.

సగం ఆటకు రెండు సున్నా.
బాణావత్ లచ్చు బూటు మొసలి లెక్క నోరు తెరిచింది.
మిగులు బూటు ఇస్తే వాని వేళ్లే పట్టలే.
"ఉరుకు" అన్నడు సారు. ఉరికిన.
గేటు బయట గోనె పట్టా నీడకు మోచీ తాత.
మైనం దారం పంటితో తెంపి
ఒక కుట్టు, రెండు కుట్లు,
మూడో కుట్టు సగంల ఉన్నప్పుడు
గోడ అవతల ఒక్కసారే బొబ్బ.
సోడా బండి మీద సీసాలు గలగలమన్నయి.
ఆ బొబ్బల బుచ్చమ్మ గొంతు ఏర్పాటుగ ఇనపడ్డది.
తాత ఆరె ఆపిండు.
"మీదేనా?" అన్నడు.
"మాదే" అన్న.
పైసలు తీసుకోలే.

మళ్ల ఉరికి బూటు అందిస్తే
లచ్చు "ఇగ ఒద్దు తియ్యి" అన్నడు.
ఆట అయిందాక రెండు బూట్లు నా సంకలనే.

ఇగ వీళ్లను ఇనుండ్రి.
జంగయ్య అంటడు, నలబై గజాల సంది కొట్టిండని.
కెప్టెన్ ఏలీషా అంటడు, నేనిస్తెనే గదా కొట్టిండని.
గోల్‌కీపర్ యూసుఫ్ పాషా అంటడు,
ఆ కొసకు నిలబడి అందరికన్న మంచిగ చూసిన,
మమ్ముల తప్పిచ్చుకొని పోయిన సాగర్ కాల్వ లెక్క
బంతి వంకర తిరిగి పోయిందని.
అందరిదీ ఒక్క మాట మాత్రం:
కుడికాలు, బూటు ముక్కు.
తోలు తగిలిన చప్పుడు గూడ ఇన్నమంటరు.

నేను చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట గమ్మునుంట.
ఆ గోలు చూడనోన్ని నేనొక్కన్నే.
అప్పుడు ఆ బూటు ఏడున్నదో
ఎరుకైనోన్ని గూడ నేనొక్కన్నే.

వాపసు వచ్చేటప్పుడు
గంపెడు సీతాఫలాలు కొని
లారీ మీదికెల్లి గింజలు ఊసుకుంట వచ్చినం.
ఆ తొవ్వ పొంటి చెట్లు మొలిచినయంటడు జంగయ్య.
అబద్ధమే.
అయినా అటు బస్సెక్కితే
కిటికీ పక్క సీటే అడుగుత.

లచ్చు అప్పుడప్పుడు వస్తడు,
డిపోల కండక్టరు జేసి రిటైరయిండు.
"ఏ కాలుతోని కొట్టినవ్ లచ్చూ?" అంటే
చెప్పులిడిచి, బల్ల కింద కాళ్లు చాపుకొని,
"ఏదైతేంది, రెండూ నాయే గదా" అంటడు.
నా దిక్కు మాత్రం చూడడు.