సెకనుకి రెండు చుట్లు

మా నాన్న సోడా కొట్టులో మిషను తిప్పేవాడు ఎల్లాజీ.
వాసుపల్లి ఎల్లాజీ, చెంగల్రావుపేట.
బాంబులు పడ్డప్పుడు ఊరొదిలినవాళ్లు
ఇంకా సగంమంది తిరిగి రాలేదు. అయినా సోడాకి గిరాకీ ఉండేది.
నాకు తొమ్మిదేళ్లు. సీసాలు కడగడం నా పని.

ఇంకెవరు తిప్పినా ఒక సీసాలో గాలి ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ.
ఆయన తిప్పితే అన్నీ ఒక్కలాగే సుయ్‌మనేవి.
"ఎలగ మావా?" అంటే
"సెకనుకి రెండు సుట్లురా. అలివి వల లాగిన సెయ్యి,
దానికి నెక్క ఒకలు సెప్పాలేటి?"

కడిగిన సీసాలు ఎండకి బోర్లించి
బీడీ వెలిగించినప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు.
మద్రాసు. రేకుల షెడ్డు. పైన తెల్లగుడ్డ పందిరి,
కింద దేవతలు, రాక్షసులు, అద్దెకి తెచ్చిన ఏనుగు.
మూడుకాళ్ల కొయ్యమీద పెట్టె, పెట్టెకి పిడి.
ఆరు బొమ్మలు తీశాడట.
ఐదింటిలో పేర్ల అట్టమీద చోటు చాలలేదు.
ఆరోదాంట్లో వేశారు, యల్లప్ప అని.

మూకీ అన్నమాటే గాని షెడ్డు నిండా గోలే.
డైరెక్టరు అరుస్తాడు, వడ్రంగి మేకులు కొడతాడు,
నలుడు దమయంతిని పాత బాకీ అడుగుతాడు.
ఎల్లాజీ తెడ్డుపాట పైకే కూనిరాగం తీస్తూ పిడి తిప్పుతాడు.
పాట లేకపోతే చుట్టు తప్పుతుంది.
"సెయ్యి తొందరపడితే తెరమీద మడిసి నెమ్మదిస్తాడు.
సెయ్యి బద్దకిస్తే పరిగెడతాడు.
అంతా తిరగేసే ఉంటాదిరా ఆ పెట్టిలోన."

ఆ దమయంతి మన వాల్తేరు రైల్వే క్వార్టర్స్ పిల్ల.
డోరతీ. గార్డు కూతురు. తెరమీద స్వర్ణబాల.
ఆమెకొచ్చిన తెలుగు మూడు ముక్కలు:
నీళ్లు, చాలు, యారాడ కొండ.
ఆమె ఎదురుగా నిలబడితే
ఎల్లాజీ చెయ్యి కొంచెం, కొంచెమే, జోరందుకునేది.
తెరమీద ఆమె తల తిప్పడానికి పట్టే సేపు పెరిగేది.
పాడైన ఫిలిం అడుగుకి ఇంతని జీతంలో కోసుకున్నారు.
కోసుకోనీ, అన్నాడు బీడీ నుసి దులుపుతూ.

తర్వాత మాటొచ్చింది.
పెట్టెకి మోటారు బిగించారు. పెట్టెతోపాటు ఆయన్నీ
పరుపులు కుట్టిన గదిలోకి తోసి తలుపేశారు.
మొదటి రోజే సౌండు దొర చెయ్యెత్తాడు,
ఎవడిదా కూనిరాగం?
ఎవ్వరూ మాట్లాడని బొమ్మల్లో గొంతెత్తి పాడినవాణ్ని
అందరూ మాట్లాడే బొమ్మలో నోరు మూసుకోమన్నారు.
రైలెక్కేశాడు.
డోరతీకి ఆ మూడు మాటలూ చాలలేదు.
ఆమె అంతకుముందు రైలుకే వచ్చేసిందట.

"రీళ్లేమయ్యాయి మావా?"
"ఎండి కోసం కడిగీసినారు. మిగిలింది గాజులోడు కొన్నాడు."
అప్పట్నించి కురుపాం మార్కెట్లో
ఆడవాళ్ల ముంజేతులకేసే చూసేవాణ్ని,
ఏ గాజులో ఏనుగుందోనని.
ఒకసారి తన్నులు కూడా తిన్నాను.

నలభై ఏడులో, వానలు పట్టేముందు,
కొట్టు ముందు జట్కా ఆగింది.
నిండా ట్రంకుపెట్టెలు, వాటిమీద తెల్లరంగుతో ఓడ పేరు.
గొడుగు మడిచి ఒకావిడ "నీళ్లు" అంది.
సోడా అని నాన్నే అర్థం చేసుకున్నాడు.
ఎల్లాజీ తలెత్తలేదు.
మిషను చప్పుడు మారింది. నాకే ముందు తెలిసింది.
రెండు కాదు. రెండున్నర. మూడు.
వరసగా మూడు సీసాలు పేలాయి.

నాలుగోది తాగింది.
చిల్లర ఇవ్వబోతే "చాలు" అంది.
జట్కా కదులుతుంటే తల తిప్పి చూసింది,
ఆయన్నో, ఆయన వెనక యారాడ కొండనో.
ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను.
కనుబొమ్మలో గాజుపెంకు, కంట్లో నెత్తురు నాకు.

ఈ మచ్చేంటి బాబూ అంటాడు మంగలి, వచ్చినప్పుడల్లా.
సోడా సీసా, అంటాను.