ఎనిమిది వందల నలభై

ఫుజైరా. జనవరి. తెల్లారి ఆరున్నర.
కొండలకు అవతల షార్జా, దుబాయి
మంచుల మునిగి కనపడకుంటయితే
దిగ జాగ లేని విమానాలన్నీ
మా చిన్న ఊరి మీదికొచ్చినయి.

నేను ఓదెలును. ఫ్యూయల్ బండి నడుపుత.
విమానం ఎంత దూరంకెల్లి వచ్చిందో నాకెవరూ చెప్పరు.
దేనికి ఎంత దగ్గరికి పోయి వచ్చిందో మాత్రం
కుడి రెక్క కాడ చిన్న మూత తెరిస్తే తెలుస్తది.

ఇయ్యాల తెరిచిన.
ఎనిమిది వందల నలభై కిలోలు.
అంకెల మీది దుమ్ము తుడిచి మళ్లోపారి చూసిన.
పదకొండేండ్ల సర్వీసుల గింత చిన్న అంకె చూడలే.
పైన నూటా అరవై మంది.
కిటికీల ఒక పిలగాడు నాకు చెయ్యి ఊపిండు.

మెట్లు దిగి ఒక పిల్ల పైలట్ వచ్చింది.
నా ఛాతి మీది పేరు చదివి "మనవాళ్లేనా?" అన్నది.
కాకినాడ అట. పేరు హిమజ.
చేతిల చాయ కప్పు.
తాగుతలేదు, పట్టుకున్నది, అంతే.

నేను అడగలే. తనే చెప్పింది.

"సముద్రం మీద గుండ్రంగా తిప్పారండీ. వరసలో ఏడో నంబరు.
మా కెప్టెన్ గారు మర్యాదస్తుడు.
'కొంచెం తొందరగా దింపితే బాగుంటుంది' అన్నారు.
'అర్థమైంది, ఆగండి' అన్నాడు కంట్రోలర్.
ఇంకో చుట్టు.
'మినిమం ఫ్యూయల్' అన్నాం.
అదీ రాసుకున్నాడు.
అది కబురే గానీ కేక కాదండీ, దానికి ఎవరూ దారివ్వరు.
అతని తప్పు కూడా లేదు.
చెవిలో పన్నెండు గొంతులు, అన్నీ నిదానంగానే ఉన్నాయి.
ఎవరి నిదానం కింద ఏముందో అతనికెలా తెలుస్తుంది?"

కప్పు అంచును గోరుతో గిల్లింది.

"అప్పుడు బటన్ నేను నొక్కాను.
మేడే, మేడే, మేడే. ఫ్యూయల్.
ఒక్క క్షణం రేడియో అంతా ఊరుకుంది.
తర్వాత ఒక్కో విమానం పక్కకి జరిగింది,
బస్సులో బాలింతకి చోటిచ్చినట్టు."

"సార్ కోపం చేసిండా?"

"లేదు. చక్రాలు నేలకి తగిలాక థాంక్స్ అన్నారు.
ఇప్పుడు పైన రిపోర్టు రాస్తున్నారు.
ఆ మాట అంటే చాలా రాయాలండీ.
అందుకే నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది."

పైపు బిగించిన.
ఫ్యూయల్ ఎక్కుతాంటే పైపు
పాలు తాగే లేగ మెడ లెక్క అదురుతది.
గప్పుడు యాదికొచ్చిండు కొమురయ్య.

పోయిన జూలై. ఇదే జాగ. విమానం లేదు, దాని నీడా లేదు.
మొదటి రోజు "థోడా చక్కర్ హై సాబ్" అన్నడు.
"పాంచ్ మినట్ బైఠో" అన్నడు ఫోర్‌మన్.
రెండో రోజూ అదే మాట, నవ్వుకుంట అన్నడు.
మూడో రోజు ఏమీ అనలే.
సామాన్ల ట్రాలీకి ఒరిగి కూసున్నడు,
టోపీ సక్కగ పెట్టుకొని.
ఫోర్‌మన్ చెడ్డోడు కాదు.
ఆయన ముందట నలభై మంది, అందరూ "థోడా" అన్నోళ్లే.
నేను పక్కనే ఉన్న. నాకు వినపడ్డది.
నేనూ రాసుకున్న, అంతే.

"మేడం, ఆ మాట ఎవరైనా అనొచ్చా?"
"ఏ మాట?"
"మూడుసార్లు అనేది."
ఆమె నా దిక్కు చూసింది, నా బండి దిక్కు చూసింది.
"మీ బండిలో రేడియో ఉందా?"
ఉన్నది. ఏ విమానం, ఎన్ని లీటర్లు, గంతవరకే.

ఐదు వేల రెండు వందల లీటర్లు.
రసీదు మీద ఆమె సంతకం గీత దాటి కిందికి జారింది.

పదింటికి మంచు ఇడిసింది.
వచ్చినయన్నీ ఒకటెనుకొకటి లేచిపోయినయి.
ఖాళీ బండి తోలుకొస్త, అద్దాలు ఎక్కించి
మైకు చేతికి తీసుకున్న. బటన్ నొక్కలే.
నోట్లనే అన్న, ఒకసారి.
రెండోసారి కొమురయ్య గొంతు వచ్చింది.
మూడోది ఇంకా నా దగ్గరనే ఉన్నది.