గీత మీద కళ్ళకలక

మొదట కలక పట్టింది మొఫిజుల్‌కి.
మూడోనాటికి పడవంతా.
నీళ్ళపీపా ఒకటి, తువ్వాళ్ళు రెండు, మనుషులం ఆరుగురం,
ఇంక దాన్ని ఆపేదెవరు?
తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోయేవి,
మైదా ఉడికించి గోడకి అంటించిన సినిమా బొమ్మల్లాగ.
మొహం ఎక్కడుందో తడుముకుని కడుక్కునేవాళ్ళం.

ఇసక, అన్నాడు నాఖుదా జుమా.
ముహర్రక్ రేవు దాటుతుంటేనే శమాల్ గాలి కొట్టింది కదా అన్నాడు.
ఇసకైతే ఇలా పుసి కట్టదు బాబూ, అన్నాను నేను,
సూరాడ ఎర్రన్నని, వంటవాణ్ణి.
పసుపూ ధనియాలూ నా చేతిలో ఉంటాయి కాబట్టి
వైద్యుణ్ణి కూడా.

అరుళప్పన్ కొబ్బరినీళ్ళు కావాలన్నాడు.
ఈ ఉప్పుకయ్యలో బొండం!
మొఫిజుల్ వాళ్ళమ్మ టీ ఆకు మూటకట్టి కళ్ళమీద పెట్టేదట.
టీ ఉంది. పెట్టాను.
జుమా చిన్నప్పుడు పన్నీరు.
మా గుప్పిడిపేటలో అయితే
కలకొచ్చిన పిల్లాణ్ణి బాలింతరాలి దగ్గరికి తోసేవారు.
కోదండమ్మొదిన నవ్వుతూ
"నోరు ముయ్యరా, ఇది నీక్కాదు, నీ కంటికి" అని
రెండు చుక్కలు పిండేది.
వెచ్చగా ఉండేది. తియ్యగా కూడానేమో,
కన్నుకి రుచి తెలీదు కదా.
ఇది చెప్పాక పడవలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.
ఎనిమిది నెలలయింది ఇల్లు చూసి.

ధనియాలు నానేసి వడకట్టాను.
పసుపునీళ్ళలో గుడ్డలు తడిపి తలా ఒకటి ఇచ్చాను.
ఆ పూటకి దీపాలన్నీ రెండేసి కనిపించాయి.
తెరమీది గీత కూడా.

ఆ గీత సంగతి చెప్పాలి.
ఎక్కడ గియ్యాలో రెండు సర్కార్లకీ కుదరలేదు.
వాళ్ళ పటంలో ఒకచోట, వీళ్ళ పటంలో ఇంకోచోట,
నడుమ మూడు మైళ్ళ నీళ్ళు.
హమూర్లన్నీ ఆ మూడు మైళ్ళలోనే మేస్తాయి.
మా గర్గూర్లు దించిందీ అక్కడే, నలభై,
ఇనపతీగతో అల్లిన కోళ్ళగంపల్లాంటివి.

"ఎర్రన్నా, గీతకి ఎటున్నాం?"
జుమా ఎప్పుడూ నన్నడగడు అలాంటివి.
నేనేం చెప్పను? కన్ను తెరిస్తే నీరు, మూస్తే మంట.

తెల్లపడవ వచ్చేసింది.
చేతులెత్తాం, చేతుల్లో పచ్చటి గుడ్డలు.
లొంగిపోయే జెండా ఏ రంగో వాళ్ళకి అనుమానమొచ్చినట్టుంది,
తుపాకులు ఒక్క క్షణం ఆగాయి.

పదమూడు రోజులు అటువాళ్ళ జెట్టీ మీద, రేకుల షెడ్డులో.
అయిదోనాడు కాపలా కుర్రాడు నల్లకళ్ళద్దాలతో వచ్చాడు.
రాత్రయినా తియ్యలేదు.
అరుళప్పన్ మోచేత్తో పొడిచాడు నన్ను.
ఆరోనాడు ఇంకో ఇద్దరు.
ఏడోనాడు రాతగాడు,
మా తప్పు ఎన్ని గజాలో స్కేలుబద్దతో చూపించినవాడే,
పటాన్ని ముక్కుకి ఆనించుకుని చూసుకుంటున్నాడు.

నల్లకళ్ళద్దాల కుర్రాడు ఊచల దగ్గరకొచ్చి
వచ్చీరాని హిందీలో, మెల్లగా, మీరేం వేసుకున్నారని అడిగాడు.
స్వాధీనం చేసుకున్న సరుకుల్లో ధనియాల డబ్బా ఉంది,
తెస్తే నానేసి ఇస్తానన్నాను.
తెచ్చాడు. తెచ్చినందుకు నాతో సంతకం పెట్టించుకున్నాడు.

తగ్గిందా అంటే తగ్గింది.
వారానికి అదే తగ్గుతుందనీ,
వంటింట్లోవన్నీ కంట్లో పొయ్యొద్దనీ
తర్వాతొచ్చిన డాక్టరమ్మ తిట్టి, చుక్కలమందు ఇచ్చింది.
"ఒకరి తువ్వాలు ఒకరు వాడకండి" అంది.
ఎవరినందో తెలీక
ఊచలకి ఇటూ అటూ అందరం తలలూపాం.

జరిమానా కట్టి జుమా పడవ విడిపించాడు.
తిరిగొస్తుంటే కళ్ళు తేటగా ఉన్నాయి.
వంగి చూశాను, ఎంతసేపని.
ఒకటే నీలం.

గర్గూర్లు మాత్రం తియ్యనివ్వలేదు.
అడుగున అలాగే ఉన్నాయి నలభై బుట్టలూ,
లోపల హమూర్లు తీగకి మూతులానించి,
రెప్పల్లేని కళ్ళతో.
ధనియాల డబ్బా కూడా అక్కడే మర్చిపోయాను.
చీటీ మీద పదిహేడో నంబరు.