మోత

నెల్లిమర్ల రోడ్డులో తవిటయ్య పాతినుప కొట్టు.
వాన ఇప్పుడే వెలిసింది.
మూలన జూట్ మిల్లు మగ్గాల పళ్ళచక్రాలు.
వాటిలో కొన్నిటికి పదకొండేళ్ళు నూనె పెట్టాను.
అవి నన్ను గుర్తుపట్టలేదు,
నేనూ పలకరించలేదు.

బోడి టైర్ల గుట్ట వెనక
రెండు ఇంజిన్ బ్లాకులు.
రెండూ కాంటెస్సావే, రెండూ పద్దెనిమిది వందల సీసీ.
ఒకటి పన్నెండు వేలు, తుడిచి నూనె రాసి
గోనె మీద కూర్చోబెట్టాడు పెళ్ళిచూపులకి.
ఒకటి ఏడు, బురదలో బోర్లా.

బనీను జేబులో పద్నాలుగు వేలున్నాయి,
చీటీ నష్టానికి పాడి ఎత్తినవి.
ఇంటి దగ్గర కారుంది. ఇంజిన్ లేదు.
పలాస జీడిపప్పు షావుకారు వదిలించుకున్న నల్ల కారు.
బానెట్ కింది ఖాళీలో గిరిరాజా పెట్ట గుడ్లు పెడతాది.
"ఇంజినెట్టేస్తే అదెక్కడ పెడతాదో అదీ సెప్పు"
అని గున్నమ్మ గొడవ.

నడిస్తే చాలని కాదు నా ఆశ.
రామతీర్థం రోడ్డు మీద, రెండో గేరులో,
సీటు నా వీపుని గుద్దాలి.
యాభై రెండేళ్ళలో
నన్నెవరూ వెనకనించి అంత గట్టిగా
ముందుకి తోయలేదు.

సుత్తి తీసి తట్టాను.
పన్నెండు వేలది ఖంగుమంది.
ఆ మోత టైర్ల మీంచి పోయి
రేకుల షెడ్డులో కాసేపు తిరిగి వచ్చింది.
ఏడు వేలది
తడి గోడని కొట్టినట్టు, దబ్.
"పగిలిపోనాదిరా ఇది" అన్నాను.
ఇనుము మాట నాకు తెలుసు.
మిల్లులో రాత్రి షిఫ్టు, రెండొందల మగ్గాల హోరులో
ఏ మగ్గానికి పన్ను విరిగిందో
కళ్ళు మూసుకుని చెప్పినవాణ్ణి.

హిమజ మాట్లాడలేదు.
పాలిటెక్నిక్‌లో మాస్టార్ని బతిమాలి తెచ్చిన బోర్ గేజి
ఒక్కో సిలిండర్లో దింపుతోంది,
పసిపిల్ల నోట్లో థర్మామీటరు పెట్టినట్టు.
అంకెలు చేతిమీద రాసుకుంది.
"నానా, దీన్ని ఇప్పటికే మిల్లీ దాకా తినీసేరు.
మూడోదాన్లో ఇంకా ఎక్కువ.
ఇంక తినడానికి గోడ లేదు."
"మరి ఆ మోత?"
"గోడ పల్చనైపోనాది కదా."

గొల్లపల్లిలో వీణ కుండ తొలిచే ముసలాయన
ఒకసారి ఇదే మాటన్నాడు,
చెక్క సన్నగిల్లేకొద్దీ పలుకు తీపెక్కుతుందని.
ఆయన సంతోషంగా అన్నాడు.

బురదలోది తిప్పించింది.
పక్కనున్న తుప్పు బిళ్ళని ఉలితో ఊడగొట్టి
సైకిలు ఊచ పెట్టి కెలికింది.
రాలింది: ఎర్రమట్టి, ఇసుక,
ఒక నత్తగుల్ల, ఇంకా ఇసుక.
"సంపావతి పొంగినేడు మునిగిందది" అన్నాడు తవిటయ్య,
నేరం తనది కానట్టు.
బకెట్టు నీళ్ళు. ఇంకో బకెట్టు.
కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద పూసి
అరగంట కూర్చున్నాం, టీ తాగుతూ.
సుద్ద మీద గీత తేలలేదు.

సుత్తి నాకే ఇచ్చింది.
తట్టడానికి చెయ్యి రాలేదు, నిజం చెప్తున్నా.
తట్టాను.
తియ్యగా లేదు. బండగా, పొట్టిగా, లోతుగా
ఒక్క మాట చెప్పి ఊరుకుంది.

మిల్లు మూసిన రోజు
గేటు దగ్గర దబ్ మన్నవాళ్ళు చాలామందిమి.
పగిలిపోయామనే అనుకున్నాం.
ఎవరూ ఊచ పెట్టి చూడలేదు.

ఆరు వేల ఎనిమిదొందలకి తెగింది.
మిగిలింది బోరింగ్‌కి సరిపోతుంది,
పిస్టన్లకి సరిపోదు,
అది పైనెల మాట.
ట్రాలీ ఆటోలో గతుకు గతుక్కీ
చంపావతి కొంచెం కొంచెం రాలుతూ వచ్చింది.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే
గిరిరాజా పొదుగుతోంది.
కదల్లేదు, కన్నెర్రజేసింది.
ఇరవయ్యొక్క రోజులు.
సరే.
లేత్ దగ్గర వరస కూడా
అంతే ఉంది.