బల్లచెక్క

ఆటోనగర్ రేకుల కింద
పొద్దున ఆరింటికే చెమట.
స్టాండు మీద కొత్త ఇంజను, రంగు వాసనింకా పోలేదు.

ఓనరు బసవపున్నయ్య గారు
జేబులో నిమ్మకాయలు తడుముతూ
"ఏడూ పది దాటితే వర్జ్యం" అన్నారు.
మస్తాన్‌వలి మేస్త్రి తలెత్తలేదు.
"నూనె పైకెక్కినప్పుడే ముహూర్తమండీ."

డీజిలు గొట్టం నట్టు అరచుట్టు వదులు చేశాడు.
బుడగలు. నురగ. మళ్ళీ బుడగలు.
చేతిపంపు కొట్టీ కొట్టీ
బుడగ లేని ధార వేలిమీద జారాకే
బిగించాడు.

స్టాప్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టాడు.
మంట లేకుండా ఒట్టినే తిరిగింది.
సూది కదల్లేదు.
కాసేపాగి మళ్ళీ.
సూది వణికింది, లేచింది.

అందరూ సూదినే చూశారు.
నేను మాత్రం గాలి లాగే మూతినే చూస్తూ,
చేతిలో బల్లచెక్కతో.
"అదుపు తప్పి అరిచిందా, మూసెయ్.
చెక్కతోనే. చెయ్యి పెట్టావో..."
అంతవరకే చెప్పాడు, చేరిన రోజున.
ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

స్టాప్ వదిలాడు.
ఒక్క దగ్గు, బూడిదరంగు పొగ,
ఆపైన గుడగుడ, కుదురుగా.
రేజ్ చెయ్యనివ్వలేదు ఎవర్నీ.
టార్చి పట్టుకుని కిందికి దూరాడు,
చుక్క కారుతోందేమో చూడ్డానికి.

వర్జ్యం ఎప్పుడొచ్చిందో
బసవపున్నయ్య గారికి గుర్తులేదు.

ఈసారీ పని పడని చెక్కని
నూనెగుడ్డతో తుడిచి
మేకుకి తగిలించాను.