ఓస్

మంగళవారం హెక్సమ్‌లో సంత.
కూరల బళ్ళు వెళ్ళిపోయాక
లైబ్రరీ మేడ మీద ఆరుగురం లాటిన్ చదువుతాం.
కిటికీ కింద రేడియేటర్ గొణుగుతుంటుంది,
దానికీ విభక్తులు అప్పజెప్పమన్నట్టు.

ఈ వారం మిస్ థర్ల్‌వెల్ బోర్డు మీద
ఆరు పాదాల పద్యం రాసింది.
రాసినవాడి పేరు ఎలుకలు తిన్నాయట.
ఫుస్కా అనే ఒకామెను నిలబెట్టి దులిపేస్తున్నాడు:
నీ నోరు కుక్క వదలని ఎముక,
నా పండు కొరికి పాపం నాదంటావు,
నీకంటే అప్పులవాళ్ళు నయం,
తలుపైనా తట్టి వస్తారు.

"ఓస్ అంటే నోరు, ఒస్ అంటే ఎముక" అంది మేడమ్
అచ్చుల నెత్తిన అడ్డగీతలు గీస్తూ.
మిగతా అయిదుగురూ తలలు పట్టుకున్నారు.
వాళ్ళ చెవులకి రెండూ ఒకటే.
ఒ కీ ఓ కీ తేడా చెప్పలేక
ఒకటో క్లాసులో తొడపాశం తిన్నదాన్ని,
నేను చెయ్యెత్తాను.
మాలుమ్ పండు, మలుమ్ పాపం, అదీ నేనే చెప్పాను.
ఓస్, లాటిన్ అంటే ఇంతేనా అనుకున్నాను.

అంతలో పద్యంలో చివరి మాట చదివిందావిడ:
"రెడ్డె!"
రెడ్డిగారెవరో వచ్చారనుకుని
నేను తలుపు వైపు చూశాను.

ఇచ్చెయ్, అని దాని అర్థం.
ఏం ఇచ్చెయ్యాలో చెప్పకుండానే పద్యం అయిపోతుంది.

"బాకీ" అన్నాడు ఆల్బర్ట్ మిల్బర్న్.
నలభై ఏళ్ళు మాంసం కొట్టు నడిపినవాడు.
"ఎవడైనా ఆరు పాదాలు తిట్టాడంటే డబ్బు రావాలన్నమాట."
"మనసు" అంది ఆయన భార్య ఎనిడ్.
"డబ్బు కోసమైతే ఒక పాదం చాలు, మొద్దు మొహమా."
ఇద్దరికీ కలిపి ఒకటే నిఘంటువు.
దాన్ని బల్ల మీద అటూ ఇటూ తోసుకుంటూ
గంట గడిపేశారు.

శుక్రవారం ఎక్స్‌రే గదిలో నా డ్యూటీ.
చక్రాల కుర్చీలో వచ్చింది ఎనిడ్,
చూరు కాలవలో ఆకులు తీయబోయి
నిచ్చెన మీంచి పడిందట.
ప్లేటు మీద ఆమె చెయ్యి సర్దాను.
తెర మీద మణికట్టు తెల్లగా వెలిగింది,
గుప్పెడు బొబ్బర గింజలు,
పక్కన ముంజేతి ఎముకలో వెంట్రుకంత చీలిక.
నొప్పిలోనూ మెడ చాచి అడిగింది: "ఒస్?"
"ఒస్. హ్రస్వమే" అన్నాను.
బయట నడవాలో దీర్ఘం మోగుతోంది:
ముసలి గొర్రె, ఎక్కొద్దని చెప్పానా లేదా,
మేకకైనా బుద్ధుంటుంది, మేక దిగడం నేర్చుకుంటుంది,
నీ తల కొట్లో పెడితే ఎవడూ కొనడు.
ఎనిడ్ కళ్ళు మూసుకుని వింటోంది.
నేను ఊపిరి బిగబట్టమని అనలేదు,
మణికట్టుకి అది అక్కర్లేదు.
ఆమే బిగబట్టింది.

తలుపు తీశాను.
టోపీని రెండు చేతులా పిండుతూ నిలబడ్డాడు,
తడి గుడ్డ పిండినట్టు.
"అయిందా? అయితే ఇచ్చెయ్" అన్నాడు నాతో,
నా మొహం చూడకుండా.
"నా కళ్ళజోడు దాని సంచిలో ఉంది."

ఆ రాత్రి తెలుగు చెయ్యడానికి కూర్చున్నాను.
మొదటి మాట దానంతటదే పడింది: ఒసేయ్.
తర్వాత తిట్లన్నీ సులువే,
మా మేనత్త నోటి పుణ్యమా అని కొరత లేదు.
చివరి మాట దగ్గరే ఆగాను.
నిఘంటువులో రెడ్డెకి మూడో అర్థం కూడా ఉంది:
వేరే భాషలో చెప్పు.

మంగళవారం చదివి వినిపించాను.
"ఒసేయ్ అంటే తిట్టా, ముద్దా?" అడిగింది మిస్ థర్ల్‌వెల్
సుద్దముక్క పైకెత్తి, గీత ఎక్కడ పెట్టాలో తెలియక.
ఎవరు ఎవర్ని అన్నారో చూడాలండీ అన్నాను.
ఆవిడ బల్ల చివరికి చూసింది.
ఎనిడ్ కుడిచెయ్యి పిండికట్టులో ఉంది.
ఆల్బర్ట్ ఆమె కోసం పేజీలు తిప్పుతున్నాడు,
వేలు తడి చేసుకుంటూ,
పేజీకో తిట్టు.